కుడిచెయ్యి పాట

బుధవారీ బజార్‌లో బీరకాయలు ఏరుకుంటున్న ఉషారాణిని చూసి ఒక మూడేళ్ల పిల్లాడు కొయ్యబారిపోయాడు. వాడికి తెలిసిన ఉషారాణి తమ ఇంట్లో, టీవీలో, ఆకుపచ్చ తెర ముందు ఉంటుంది. గంతులేస్తుంది, పాడుతుంది, పాట అయిపోగానే మాయమైపోతుంది. అలాంటి మనిషి సంచీ పట్టుకుని బయటికొచ్చి కూరగాయల బేరమాడుతుందని వాడికెవరూ చెప్పలేదు. కాసేపు గుడ్లప్పగించి చూసి, తనకు తెలిసిన మర్యాద తను చేశాడు. రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, "బండి ఆపు" అన్నాడు.

ఉషారాణి సంచీ కింద పెట్టేసి తనూ రెండు చేతులూ ఎత్తింది. యాభైకి దగ్గరపడిన మనిషి, నిండైన విగ్రహం. ఆవిడ నడివీధిలో చేతులెత్తితే వెనకొస్తున్న ఆటో నిజంగానే ఆగిపోయింది. కూరగాయలమ్మి "కా హోగే దీదీ?" అని కంగారుపడింది. ఏమీ కాలేదని, బండి ఆగిందని, ఇప్పుడు మళ్లీ కదులుతుందని చెప్పి ఉషారాణి సంచీ ఎత్తుకుంది. పిల్లాడు మాత్రం వాళ్లమ్మ లాక్కుపోతున్నా మెడ తిప్పుకుని ఆవిడనే చూస్తూ పోయాడు.

ఉషారాణి తండ్రి బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఖలాసీగా చేరినవాడు. ఆవిడ పుట్టింది రైల్వే ఆసుపత్రిలో, పెరిగింది రైల్వే క్వార్టర్లో, చదివింది రైల్వే స్కూల్లో, కట్టుకున్నది గూడ్స్ గార్డు సింహాచలాన్ని. గార్డు అనే మాట ఎత్తేసి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, ఆ పేరుతో పిలిస్తే సింహాచలం వెనక్కి తిరిగి ఎవర్నో అనుకుంటాడు. ఇలాంటి జీవితాల గురించి రాసేవాళ్లు వెంటనే త్యాగమనో కష్టమనో ఒక మాట వెతుక్కుంటారు. ఇక్కడ రెండూ పెద్దగా లేవు. తిండికి లోటు లేదు, మొగుడు మంచివాడు, కూతురు రాయ్‌పూర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఉన్న చిక్కల్లా ఒకటే. చిన్నప్పట్నుంచీ ఆవిడకు ఆడాలని ఉండేది, ఆడనిచ్చేవాళ్లు కాదు.

కారణం ఒళ్లు. స్కూలు వార్షికోత్సవంలో డాన్సు నేర్పే మేడమ్ సన్నటి పిల్లల్ని ముందు వరసలో పెట్టి, ఉషారాణిని చెట్టును చేసింది. చెట్టు పాట వినగానే ఊగడం మొదలెట్టింది. పై ఏడాది, కొండైతే కదలదు గదా అని కొండను చేశారు. కొండా కదిలింది. జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఆవిడ ఆటను ఆపలేకపోయింది గానీ ఒక పని చేసింది: తను ఆడుతుంటే ఎలా ఉంటుందో చూసుకోవడం ఆవిడ మానేసింది. పెళ్లి వీడియోల్లో తను కనిపించే చోటు రాగానే పాలు పొంగుతున్నాయని లేచి వంటింట్లోకి పోయేది. తరవాత జరిగిన గందరగోళంలో ఈ అలవాటుకూ వాటా ఉంది.

కూతురు బడికి వెళ్లడం మొదలెట్టాక ఉషారాణి సిర్గిట్టి వైపు ఒక చిన్న నర్సరీలో ఆయాగా చేరింది. ముక్కులు తుడవడం, డబ్బాలు విప్పడం, ఏడ్చేవాళ్లను ఎత్తుకోవడం పని. ఒకరోజు టీచరు రాలేదు. పక్క వర్క్‌షాపులో రేకు కొడుతున్న చప్పుడుకు పిల్లలు హడలిపోయి ఏడుస్తుంటే, ఆ చప్పుడునే తాళం చేసుకుని ఉషారాణి ఆడింది. ఏడుపు ఆగింది. పిల్లలు ఆడారు. మర్నాడు టీచరు వచ్చింది గానీ పిల్లలు ఆవిడ మాట వినలేదు. కొన్నాళ్లకు ముక్కులు తుడవడానికి వేరే మనిషిని పెట్టుకుని ఉషారాణిని ఆటపాటల టీచర్ని చేశారు. పిల్లలకు ఆవిడ లావు అడ్డు కాలేదు సరికదా, అంత మనిషి తమలాగే గెంతుతోందని వాళ్లకు మహా సంబరం.

పసిపిల్లలతో పనిచేసేవాళ్లకు ఒక కిటుకు ఉంటుంది. వాళ్లకు ఎదురుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తితే వాళ్లు ఎడమచెయ్యి ఎత్తుతారు, అద్దంలో బొమ్మలాగ. వాళ్లకు చేతుల పేర్లు తెలియవు, పక్కలు తెలుసు. మీ చెయ్యి కిటికీ వైపు లేస్తే వాళ్ల చెయ్యీ కిటికీ వైపే లేస్తుంది. అందుకని నోటితో "కుడి" అంటూ తను ఎడమచెయ్యి ఎత్తడం ఉషారాణికి ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. ఊపిరి తీసుకుంటున్నామని ఎవరికీ చెప్పం. ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

తెలుగు సంఘం కార్యదర్శి చంద్రమౌళి బ్యాంకులో పెద్ద మేనేజరు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. బదిలీ మీద వచ్చినవాళ్లకు భాష మీద ప్రేమ ఎక్కువ, ఇక్కడే పుట్టినవాళ్లకు భాషతో పని ఎక్కువ. ఆయన ప్రతి సభలోనూ తెలుగు తల్లి కన్నీళ్ల గురించి మాట్లాడేవాడు. రైల్వే కుటుంబాల వాళ్లు తలలూపి, ఇంటికెళ్లి, సగం తెలుగూ సగం హిందీలో పిల్లల్ని అన్నానికి పిలిచేవాళ్లు. వాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. చంద్రమౌళి ఆదివారం పొద్దున సంఘం హాల్లో పద్యాల తరగతి పెట్టాడు. ముగ్గురు వచ్చేవాళ్లు. ఒకడు ఆయన మనవడే.

అదే ఆదివారం, అదే వేళకు, హాలు బయట వరండాలో ఉషారాణి ఆటపాటల తరగతి. అక్కడ పిల్లలు కిక్కిరిసి ఉండేవాళ్లు. రంగులు, వేళ్లు, వారాలు, కూరగాయలు అన్నీ తెలుగులో, అన్నీ గంతులతో. ఆ గోలకు లోపల పద్యం తప్పిపోయేది. పద్యం చదువుతున్న మనవడు కాళ్లతో వరండా తాళం వేస్తుండేవాడు. చంద్రమౌళికి అది కనిపించేది.

కానీ వరండాతో ఒక తంటా ఉంది. బిలాస్‌పూర్ ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మార్చి దాటితే ఆ గచ్చు పెనంలా కాలుతుంది. కిందటి వేసవిలో పిల్లల అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఈసారి ఫ్యాన్లున్న హాలు ఇస్తేనే పంపుతామని తల్లులు చెప్పేశారు. హాలు దొరికితే తరగతి ఉంటుంది, లేకపోతే పోతుంది. ఉషారాణి వెళ్లి చంద్రమౌళిని అడిగింది.

ఆయన మర్యాదస్థుడు, లేదని మొహం మీద అనలేడు. గంతుల వల్ల భాషకేమిటి లాభమని చాలాసేపు సాగదీసి, చివరికి ఒక మాట అన్నాడు. "ఉషారాణి గారూ, మన పిల్లలు ప్రసాదం ఎడమచేత్తో పుచ్చుకుంటున్నారండీ. చూడలేకపోతున్నాను. సరస్వతీ పూజకి సీపత్ కరెంటు ప్లాంటు నుంచి, రైల్వే నుంచి పెద్దవాళ్లొస్తారు. ఆ రోజుకి కుడిచెయ్యి ఏదో పిల్లలకి నేర్పించి చూపించండి. హాలు మీది. నా తరగతి సాయంత్రానికి మార్చుకుంటాను."

ఇది తేలికే అనుకుంది ఉషారాణి. చిక్కేమిటంటే పూజకు ముందు హాలుకూ వరండాకూ సున్నాలు మొదలెట్టారు, బళ్లకు చలికాలం సెలవులిచ్చారు. తరగతి పెట్టడానికి చోటు లేదు. పిల్లలు ఇళ్లలో ఉన్నారు. అయితే ఇళ్లలోకే పోదామని ఆవిడకు తోచింది.

స్టేషన్ రోడ్డులో పెళ్లి వీడియోలు తీసే రాంప్రసాద్‌ను పట్టుకుంది. మూడో తరం రైల్వే పిల్లాడు, ఆవిడను అక్కా అంటాడు, తెలుగు మాట మధ్యలో హిందీలోకి జారిపోయి తిరిగొస్తుంటాడు. ఫోన్లో పెడదామన్నాడు. ఉషారాణి వద్దంది. ఫోన్ చేతికిస్తే ఒక పాట తరవాత ఇంకేదో వస్తుంది, ఆ తరవాత మరింకేదో, సాయంత్రానికి పిల్లాడు ఏం చూస్తున్నాడో దేవుడికే తెలియాలి. పెన్‌డ్రైవ్ అయితే టీవీ వెనక గుచ్చితే చాలు. పాట అయిపోతే అయిపోయినట్టే. నానమ్మలు కూడా గుచ్చగలరు.

పాట ఆవిడే కట్టింది.

కుడిచెయ్యి ఎత్తు, గార్డు జెండా ఊపు,
ఎడంచెయ్యి ఎత్తు, డ్రైవరు హారన్ కొట్టు,
రెండు చేతులు ఎత్తు, బండి ఆపు!

రెండు చేతులూ నెత్తి మీదికెత్తితే బండి ఆపాలన్నది రైల్వే పిల్లలకు ఉగ్గుపాలతో వస్తుంది. మిగతాదంతా ఎగరడం, చక్రాల్లా మోచేతులు తిప్పడం, కూ అని అరవడం. ఏ చేత్తో అన్నం తినాలి, ఏ చేత్తో ప్రసాదం పట్టాలి, ఏ చేత్తో పలక మీద రాయాలి అని మూడు చరణాలు. ప్రతి చరణానికీ జవాబు కుడిచెయ్యే. రాంప్రసాద్ దుకాణంలో ఆకుపచ్చ తెర కట్టి, ఒక పూటలో తీసేశారు. కట్ చేసి చూపిస్తాను, ఓసారి చూసుకోండని రాంప్రసాద్ అన్నాడు. నువ్వు చూస్తావు గదా, చాలని ఉషారాణి చెప్పులేసుకుంది.

పెన్‌డ్రైవులు కాలనీ అంతా తిరిగాయి. పొద్దున్నే ఏ క్వార్టర్ ముందు నుంచి పోయినా కూ అని వినిపించేది. ఉషారాణి ఇంట్లో కూడా టీవీకి ఒకటి గుచ్చి ఉండేది, అత్తగారు అప్పయమ్మ కోసం. ముసలామెకు ఈ మధ్యే కంట్లో శుక్లం తీయించారు. కొత్త కంటితో ఏది చూసినా ఆమెకు వింతే. కోడల్ని టీవీలో చూడటం మరీ వింత. పాట మొదలవగానే ఉషారాణి వంటింట్లోకి పోయేది, అప్పయమ్మ మంచం మీద కూర్చుని చివరిదాకా చూసేది. మూడోసారో నాలుగోసారో చూశాక కేకేసింది.

"ఒలే ఉషా, ఆ పైటేటే అలగేసుకున్నావు?"

ఉషారాణి గరిటెతో వచ్చి తన భుజం చూసుకుంది. పైట ఎప్పటిలాగే ఎడమ భుజం మీదే ఉంది. "బాగానే ఉంది గదత్తా."

"నీది కాదే, దాంది" అంది అప్పయమ్మ, టీవీ వైపు గడ్డం ఎత్తి, అక్కడున్నది ఎవరో పక్కింటావిడ అన్నట్టు. "కుడి బుజం మీదేసింది. మనోల్లెవులైనా అలగేస్తారేటి?"

ఉషారాణి టీవీ వైపు చూడనైనా చూడలేదు. డ్యూటీ దిగి వచ్చి నిద్రకు తూగుతున్న సింహాచలం, కంట్లో కొత్త అద్దం కదమ్మా, సర్దుకోడానికి టైం పడుతుందన్నాడు. తల్లి ఊరుకోలేదు. నీకు కుడీ ఎడమా తెలీదేట్రా అని నిలదీసింది. దానికి సింహాచలం చెప్పిన జవాబు కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మాకేటమ్మా, బండి మొగం బట్టి కుడీ ఎడమా. కట్నీ లైనుకి మొగమెడితే ఒక కుడి, రాయగఢ్‌కి మొగమెడితే ఇంకో కుడి. ఇంటికొచ్చి కూడా అదే అడిగితే ఎలగ?"

అప్పయమ్మ వచ్చినవాళ్లకల్లా పైట సంగతి చెప్పింది. వచ్చినవాళ్లంతా ఉషారాణి వైపు చూసి, భుజం మీద పైట సరిగ్గానే ఉండటం చూసి, ముసలామె కంటిని తలుచుకుని నిట్టూర్చారు. పక్క క్వార్టర్లోని ఛత్తీస్‌గఢీ ఇల్లాలు మాత్రం తమ వైపు ఆడవాళ్లు కుడి భుజం మీదే కొంగు వేసుకుంటారు గదా, ఉషా దీదీ మా పద్ధతి పట్టిందని ముచ్చటపడింది.

ఈలోగా ఇంకో సంగతి జరుగుతోంది, కానీ అది ఎవరి ఇంట్లో వారికే తెలుసు. పిల్లలు ఎడమచేత్తో అన్నం కలపడం మొదలెట్టారు. అంతకుముందు ఏ చెయ్యి దొరికితే ఆ చెయ్యి పెట్టేవాళ్లు, ఇప్పుడు పట్టుదలగా ఎడమచెయ్యే. తల్లి తిడితే "యహీ తో కుడి హై", ఇదే కదా కుడి, అని ఏడ్చేవాళ్లు. కాలనీలో నలుగురు తల్లులు కూర్చుంటే ఉప్పు ధర నుంచి మొగుళ్ల బుద్ధుల దాకా అన్నీ బయటికొస్తాయి, ఇది మాత్రం రాలేదు. పాట అందరి పిల్లలకూ వచ్చింది, మన మొద్దు ఒక్కడే తిరగేసి నేర్చుకున్నాడు, బయట చెబితే నవ్వుతారని ఎవరికి వారే నోరు మూసుకున్నారు. ఉషారాణి ఎదురుపడితే, మా వాడు బాగా నేర్చుకున్నాడని చెప్పి చెయ్యి కొంగుచాటున దాచేసేవాళ్లు, పిల్లాడి చెయ్యిని. ఉషారాణి పొంగిపోయేది.

ఒక్క ఇంట్లో మాత్రం ఈ చిక్కు లేదు. వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసే రాకేష్ కూతురు ఆరోహి పుట్టుకతోనే ఎడమచేతి వాటం. నానమ్మ అచ్చియమ్మ ఆ చెయ్యి మీద కొట్టీ కొట్టీ విసిగిపోయింది. ఇప్పుడు ఆరోహి టీవీ చూపించి, ఉషా అత్త కూడా ఇదే చెయ్యి అంటోందని వాదించడం మొదలెట్టింది. పార్కులో మిగతా పిల్లలూ అదే చేత్తో బిస్కెట్టు అందుకోవడం చూసి ఆ పిల్లకు ప్రపంచం చక్కబడినట్టనిపించింది.

సరస్వతీ పూజ నాటికి హాలు సున్నం వాసనతో తెల్లగా మెరుస్తోంది. ముందు కుర్చీల్లో సీపత్ కరెంటు ప్లాంటు నుంచి వచ్చిన ఇంజనీరు, రైల్వే అధికారులు, వాళ్ల భార్యలు. పక్కనే ముసలివాళ్ల వరసలో అప్పయమ్మ. నేల మీద పిల్లలు బారులు తీరి కూర్చున్నారు, ఒక్కొక్కరి ముందు పసుపు కలిపిన బియ్యం పోసిన పళ్లెం. అక్షరాభ్యాసంతో మొదలు. రాంప్రసాద్ కెమెరా భుజానేసుకుని తిరుగుతున్నాడు. ఉషారాణి గోడ పక్కన నిలబడింది. ఇంతా చేస్తే ఒక్క నిమిషం పని. పిల్లలు కుడిచేతులెత్తితే హాలు వస్తుంది, ఎండాకాలం గడుస్తుంది.

చంద్రమౌళి మైకులో ఉపోద్ఘాతం చెప్పాడు. మన సంస్కారం చేతివేళ్ల నుంచే మొదలవుతుందన్నాడు. పంతులుగారికి వేరే చోట కూడా పూజ ఉంది, తొందరలో ఉన్నారు. "నాయనలారా, ఏదీ, అందరూ కుడిచెయ్యి" అన్నారు.

హాలంతా ఒక్కసారి ఎడమచేతులు లేచాయి.

ఒక్కటి తప్పలేదు. చంద్రమౌళి మనవడి చెయ్యి అందరికన్నా పైన ఉంది. పంతులుగారు కళ్లద్దాలు సరిచేసుకుని, కుడి, కుడి అని మళ్లీ చెప్పారు. తమ చేతులు సరిగా కనపడలేదేమోనని పిల్లలు మోకాళ్ల మీద లేచి, ఎడమచేతులు ఇంకా పైకెత్తి, గార్డు జెండా ఊపు అని పాట అందుకున్నారు. వెనక వరసల్లో తల్లులు ఒకరినొకరు చూసుకున్నారు. అరే, నీ పిల్లాడూ అంతేనా అన్న మాట పెదాలు కదలకుండానే హాలంతా తిరిగింది.

చంద్రమౌళి మైకు పక్కన పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇదేనాండీ మీరు నేర్పింది?"

వేదిక మీద కొండ కదిలినప్పుడు జనం నవ్విన నవ్వు ఉషారాణి చెవుల్లో మోగింది. ఎక్కడ తప్పింది? రోజూ చేసేదే చేసింది. అప్పుడు ముసలివాళ్ల వరసలోంచి అప్పయమ్మ గొంతు, ఏ మైకూ అక్కర్లేకుండా, హాలంతా వినిపించింది.

"నానప్పుడే సెప్పాను. పైట తిరగబడిందని సెప్పాను. ఇన్నారా ఎవులైనా?"

పైట. ఉషారాణి తన ఎడమ భుజం తాకి చూసుకుంది. ఎడమ భుజం మీది పైట టీవీలో కుడి భుజం మీదికి పోయిందంటే... ఆవిడ తల తిప్పి రాంప్రసాద్‌ను చూసింది. వాడు అప్పటికే కెమెరా దించేసి ఉన్నాడు.

"రాంప్రసాదూ, బొమ్మ తిప్పావా?"

"అక్కా..." అన్నాడు వాడు. "మీరు కుడి అని ఎడంచెయ్యి ఎత్తినారు. గల్తీ అయిందనుకున్నాను. మళ్లీ పిలిస్తే మీకు బురా లగేగా అని... నేనే ఉల్టా చేసి సరిచేసినాను."

వాడు చేసింది మర్యాదకు చేసిందే. ఆవిడ పరువు కాపాడదామని చేసిందే. ఇంత మంచితనం ఒకేచోట చేరితే ఇలాగే ఉంటుంది. ఆవిడ ఒకసారి తిప్పింది, వాడు ఇంకోసారి తిప్పాడు, తల్లులు చెప్పకుండా దాచారు, చూసిన ఒక్క మనిషికీ కన్ను బాగాలేదన్నారు.

ఉషారాణికి ముందు ఏడుపు వచ్చేలా ఉంది, తరవాత నవ్వొచ్చింది. నవ్వు వచ్చాక ఆవిడకు పని గుర్తొచ్చింది. కొంగు బిగించి దోపుకుని, పెద్దవాళ్ల కుర్చీలకు వీపు పెట్టి, పిల్లలకు ఎదురుగా నిలబడింది. కుడి అన్న మాట ఎత్తలేదు. ఆ మాట వింటే వాళ్ల చేతులు మళ్లీ అటే పోతాయని ఆవిడకు తెలుసు. "ఈ చెయ్యి ఎత్తు, గార్డు జెండా ఊపు" అని పాడుతూ తన ఎడమచెయ్యి ఎత్తింది.

టీవీలోంచి దిగివచ్చిన మనిషి తమ ముందే ఉంది. పిల్లలు చెవులు మరిచిపోయి కళ్లయిపోయారు. ఆవిడ చెయ్యి ద్వారం వైపు లేస్తే వాళ్ల చేతులూ ద్వారం వైపే లేచాయి. అన్నీ కుడిచేతులే. ఆవిడ ఎగిరింది, వాళ్లు ఎగిరారు. పళ్లేల్లో బియ్యం ఎగిరింది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద పసుపు వేళ్ల ముద్రలు పడ్డాయి. నాలుగైదుసార్లు పాడాక, ఆయాసపడుతూ, చెయ్యి దించకుండానే చెప్పింది. "ఇదిగో, ఇదీ కుడి. టీవీ అత్త అబద్దం సెప్పింది. నాను నిజం సెప్తున్నాను." చివరికి రెండు చేతులూ ఎత్తింది. హాలంతా బండి ఆగింది. ముందు వరసలో ఒక రైల్వే అధికారి చెయ్యి కూడా సగం దాకా లేచి, ఆయన చూసుకుని దించుకున్నాడు.

పంతులుగారు ఆలస్యం చేయకుండా ఓనమాలు మొదలెట్టారు. కుడివేళ్లు బియ్యంలో దిగాయి. ఒక్క ఆరోహి మాత్రం ఎడమవేలే పెట్టింది. అచ్చియమ్మ పరుగెత్తుకొచ్చి ఆ చెయ్యి లాగబోయింది. ఆ పిల్ల పెదవి వణికింది, ఇంతలోనే తన ప్రపంచం మళ్లీ తలకిందులైనందుకు.

"ఉండనీ పిన్నీ" అంది ఉషారాణి. "ఆ గుంట సెయ్యి అదే. పాట ఇనకముందూ అదే."

అచ్చియమ్మ పంతులుగారి వైపు చూసింది. ఆయన గడియారం వైపు చూసుకున్నారు. అమ్మవారికి నాలుగు చేతులూ పనిచేస్తున్నాయి కదమ్మా, కానీయండి అన్నారు. ఆరోహి ఎడమవేలితో రాసిన ఓ అందరికన్నా గుండ్రంగా వచ్చింది.

ప్రసాదాల దగ్గర చంద్రమౌళి గంభీరంగానే ఉన్నాడు. సీపత్ ఇంజనీరు పులిహోర తింటూ ఆయన పక్కకు చేరాడు. తన మనవరాలికి నాలుగేళ్లని, ఇంట్లో ఐదుగురు పెద్దవాళ్లు చెప్పినా ఒక్క మాట వినదని, ఇక్కడ ఇంతమంది పిల్లలు ఒక్క మాటకు ఒక్క చెయ్యి ఎత్తారని, ఏ చెయ్యైతేనేం అని అన్నాడు. బొమ్మ సరిచేశాక ఆ పెన్‌డ్రైవ్ ఒకటి తనకిమ్మని అడిగాడు. చంద్రమౌళి ఆలోచనలో పడ్డాడు. ఉద్యోగంలో ఇన్నేళ్లుగా మీటింగులు పెట్టినా, ఆయన అడిగిన దేనికీ గది మొత్తం ఒక్కసారి చెయ్యెత్తిన పాపాన పోలేదు.

ఆయన ఉషారాణి దగ్గరికి వచ్చి, హాలు సంగతి అన్నమాట ప్రకారమే అన్నాడు. తరవాత కాస్త తటపటాయించి, ఒక పద్యానికి కూడా ఇలాంటిదేదైనా కట్టడానికి వీలవుతుందా అని అడిగాడు.

"పద్యం మీరు తెండి సార్, కాళ్లు నాను తెస్తాను" అంది ఉషారాణి.

ఎండలు ముదిరేసరికి హాల్లో ఫ్యాన్ల కింద పిల్లలు ఎగురుతున్నారు. చంద్రమౌళి సాయంత్రం తరగతికి ఇప్పుడు ఎనిమిదిమంది వస్తున్నారు, కాళ్లాడిస్తూ పద్యం చదువుతారు. ఆయన చూడనట్టు ఊరుకుంటున్నాడు.

పాటను మళ్లీ తీశారు. ఈసారి ఉషారాణి రెండు షరతులు పెట్టింది. తన వెనక సింహాచలం ఇచ్చిన పాత గోడగడియారం వేలాడదీయాలి. రాంప్రసాద్ మంచితనం ఎక్కువై బొమ్మ తిప్పితే అంకెలు తిరగబడి దొరికిపోతాడు. రెండోది, కాపీలు తీసే ముందు వీడియో అప్పయమ్మ చూసి సరేననాలి. రాంప్రసాద్ రెంటికీ ఒప్పుకుని, పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి గుచ్చి, పరీక్ష రాసిన పిల్లాడిలా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

పాట మొదలైంది. ఉషారాణి అలవాటుగా లేవబోయింది. పొయ్యి మీద పాలు లేవు. అయినా అత్తను నమ్మకపోతే ఎంత పని జరిగిందో తెలిశాక, తను చూసుకోకపోవడం ఎంత పని చేసిందో కూడా తెలిసింది. కూర్చుంది. మంచం పట్టె మీద, అత్త పక్కన, చివరిదాకా.

తెర మీద లావుపాటి మనిషి ఒకావిడ గాలిలోకి లేచింది. లేచినప్పుడు జడ కూడా లేచింది. దిగినప్పుడు నేల అదిరి, గోడగడియారం కాస్త ఒరిగింది. మొహమంతా నవ్వు. చూస్తున్నవాళ్ల గురించి ఆవిడకు పట్టినట్టే లేదు. కొండ, అనుకుంది ఉషారాణి, బాగానే ఆడుతోంది.

పాట అయ్యాక ఇద్దరూ అప్పయమ్మ వైపు చూశారు. ముసలామె కళ్లు చికిలించి, తెర మీద ఆగిపోయిన బొమ్మను పైనుంచి కింద దాకా పరిశీలించింది.

"పైట బాగుంది" అంది. "గడియారమే వంకరగుంది. మల్లీ తీయండి."